చివరి భాగం లేని బైండు పుస్తకం

పోయిన వారం మనం అనుప్రియను పుదుచ్చేరిలోని లాస్‌పేటలో తన ఇంటి గుమ్మంలో, చేతిలో ప్యాకింగ్ టేపుతో నిలబెట్టి వదిలి వచ్చాం. గేటు అవతల అరవై దాటిన ఒకావిడ చంకలో గుడ్డసంచి పెట్టుకుని, "అంబుజం బుక్స్ అంటే ఇదేనాండి?" అని అడిగింది. కొట్టు ఉండేది ఫోనులోనే గాని వీధిలో కాదు గనక, కొనేవాళ్ళెవరూ అంతవరకు ఆ గేటు తట్టిన పాపాన పోలేదు. తట్టిన ఈ మొదటి మనిషి ఎవరా అంటే, అనుప్రియ వారం నుంచి ఫోనులో పోట్లాడుతున్న మనిషే.

ఆ పోట్లాట సంగతి మరిచిపోయినవారికి, ఇవాళే ఈ కథ అందుకున్నవారికి రెండు మాటలు చెప్పాలి. అనుప్రియ మోటారు షోరూములో లెక్కలు రాసే ఉద్యోగం మానుకుని, ముందుగది నిండా పాత పుస్తకాలు పేర్చుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. పెంచి పెద్దచేసిన అవ్వ పేరే కొట్టుకు పెట్టుకుంది. వ్యాపారం ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది అనుకునేసరికి ఇద్దరు కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి అడిగారు. ఒక పుస్తకం దారిలో వానకు తడిసిపోయింది, ఇంకొకటి ఒకరిది మరొకరికి పోయింది. రెండుసార్లూ ఆన్‌లైన్ కంపెనీవాళ్ళు కొన్నవాళ్ళ పక్షమే పలికారు. మూడోసారి కూడా తప్పు అమ్మినావిడదే అని తేలితే కొట్టు పేజీ మూసేస్తామని హెచ్చరిక పంపారు. సరిగ్గా అప్పుడే మూడో ఫిర్యాదు వచ్చి పడింది. దానికి జవాబు ఈ సాయంత్రంలోగా తేల్చాలి.

ఫిర్యాదు ఒక బైండు పుస్తకం మీద. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అన్నీ అయ్యాక వరసగా కుట్టించి అట్ట వేయించుకునేవారు చూడండి, అలాంటిది. సీరియల్ పేరు 'రేవు లాంతరు'. అనుప్రియ దాన్ని మురుంగపాక్కంలో పాత పేపర్ల కొట్టు నడిపే గుణశేఖరన్ దగ్గర తీసుకుని, పూర్తి సీరియల్, పేజీలన్నీ ఉన్నాయి అని రాసి అమ్మింది. కొన్నవాళ్ళేమో చివరి భాగం లేదు, డబ్బు వెనక్కివ్వండి అన్నారు. అనుప్రియ ఒప్పుకోలేదు. తన దగ్గరున్న చివరి పేజీ ఫోటోలో కింద ఉన్న మాట చుట్టూ ఎర్రగీత గీసి, ముగింపు ఇక్కడే ఉంది కళ్ళు తెరిచి చూసుకోండి అన్న ధోరణిలో జవాబు కొట్టింది. దాంతో అవతలివాళ్ళ నోరు మూతపడుతుందనుకుంది. మూతపడకపోగా అది ఇంటికే వచ్చింది.

ఇక ఇవాళ్టి కథ.

లోపలికి రమ్మనక తప్పలేదు. వచ్చినావిడ పేరు నూకాలమ్మ, ఊరు యానాం. కూతురు దేవిశ్రీకి ఇక్కడి ప్రభుత్వ ఆఫీసుకు బదిలీ అయితే తోడుగా వచ్చింది. పార్సిలు మీద పంపినవారి అడ్రసు చూసి, రెండు బస్సులు మారి, దారిలో నలుగురిని అడిగి ఇల్లు పట్టుకుంది. పుస్తకాల దొంతర్ల మధ్య ఉన్న ఒక్క కుర్చీ అంచున కూర్చుని, అనుప్రియ మంచినీళ్ళ కోసం లోపలికి తిరగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్ళూ అయ్యీ వద్దండి. నేను కోపం మీద వచ్చాను. తాగానంటే మెత్తబడిపోతాను."

సంచిలోంచి బైండు పుస్తకం తీసి, కట్టవలసిన పార్సిళ్ళ మీద పెట్టి, చివరి పేజీ తెరిచింది. ఇంకో చేత్తో ఫోను తీసి ఎర్రగీత ఉన్న ఫోటోను పక్కన పట్టుకుంది. పేజీలో ఉన్నదే ఫోటోలో ఉంది. కథ అయిపోయిన చోట బ్రాకెట్లలో ఒక చిన్న మాట, దాని కింద పూలతీగ బొమ్మ, ఆ తరవాత అట్ట.

"మీరు గీత గీసి మరీ చూపించిన మాట ఇదేనా?"

అదేనంది అనుప్రియ. అందులో ఆమెకు అనుమానం లేదు.

"అయితే పైకి చదవండి, వింటాను. ఎటకారం ఆడడానికి ఊళ్ళో నేనే దొరికానా మీకు."

అనుప్రియ పేజీ వైపు చూసింది. అక్షరాలు గుండ్రంగా, అందంగా, తలకట్లతో తలలూపుతూ కనిపించాయి గాని ఒక్కటీ నోరు విప్పలేదు. ఎలా విప్పుతాయి. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉన్న తెలుగిళ్ళలో మాట తెలుగే, బడిలో మాత్రం తమిళం, ఇంగ్లీషు, మహా అయితే ఫ్రెంచి. అనుప్రియ ఇంట్లో తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు తాతల కాలం నుంచీ లేరు. తెలుగు పుస్తకం చేతికొస్తే ఫోను కెమెరా అట్ట మీద పెడుతుంది, అది పేరేదో తమిళంలోకో ఇంగ్లీషులోకో మార్చి చెబుతుంది, ఆ పేరుతో అమ్మకానికి పెట్టేస్తుంది. పాత అచ్చు చూస్తే ఫోను కూడా తడబడుతుంది. చివరి పేజీ దగ్గర అదే జరిగింది. అప్పుడు ఆమె సొంత బుర్ర వాడింది. తమిళ వారపత్రికల్లో సీరియల్ అయిపోతే బ్రాకెట్లలో 'ముట్రుం' అని వేస్తారు. ఇక్కడా బ్రాకెట్లున్నాయి, కింద పూలతీగ ఉంది, తరవాత అట్ట వచ్చేసింది. ముగింపు కాక ఇంకేమవుతుంది అనుకుంది. పది కాగితాలు వెనక్కి తిప్పి చూసి ఉంటే అదే మాట, అదే పూలతీగ ప్రతి భాగం చివరా కనిపించేవి. తిప్పలేదు. పార్సిళ్ళ తొందర అలాంటిది.

"చదవండి," అంది నూకాలమ్మ మళ్ళీ.

పని చేసే అమ్మాయి రాసింది అనవచ్చు, కళ్ళజోడు లేదు అనవచ్చు. రెండు అబద్ధాలూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఎదురుగా కూర్చున్న మనిషి రెండు బస్సులు మారి వచ్చింది. అనుప్రియకు తల కొట్టేసినంత పనైంది.

"నాకు తెలుగు సదివేదానికి రాదుమా," అంది నెమ్మదిగా. "మాట్లాడేదానికి వస్తాది. మా ఇంట్లో ఎవురికీ సదివేదానికి రాదు."

నూకాలమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఇది ఇంకో ఎటకారమేమో అని చూసింది. కాదని తెలిశాక ఫోను ఒళ్ళో పెట్టుకుని, పుస్తకాల దొంతర్లను ఒకసారి కలయజూసింది. అందులో తెలుగువి తక్కువేం కాదు.

"తెలుగు పుస్తకాలమ్ముతున్నావు, తెలుగు చదవలేవా," అంది. కోపంతో పాటు 'అండి' కూడా జారిపోయింది. పేజీ మీద వేలు పెట్టి, చిన్నపిల్లలకు చూపించినట్టు కిందనుంచి జరిపింది. "సశేషం. అంటే ఇంకా ఉంది అని. ఇంకా ఉంది అన్న మాటకి ఎర్రగీత గీసి, అయిపోయింది చూసుకోమని నాకు పంపావు తల్లీ."

అనుప్రియ పేజీనీ ఫోటోనీ మార్చి మార్చి చూసింది. తన రుజువే తన మీద సాక్ష్యం చెప్పింది. అది చూసి నూకాలమ్మకు నవ్వొచ్చింది. మొదట పెదవి బిగబట్టింది, తరవాత కొంగు అడ్డం పెట్టుకుంది, చివరికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, ఆ ఫోటో చూసి తన కూతురు ఆఫీసులో ఎంతమందికి చూపించి తిట్టిపోసిందో చెప్పింది. నవ్వు తగ్గాక, ఇప్పుడు నీళ్ళియ్యి తాగుతాను అంది.

నీళ్ళిచ్చి వచ్చి, అనుప్రియ తన ఫోను చేతిలోకి తీసుకుంది. ఫిర్యాదు కింద రెండు గడులున్నాయి. ఒకటి, వస్తువు చెప్పినట్టే ఉంది, డబ్బు ఇవ్వను. రెండోది, తప్పు నాదే, డబ్బు వెనక్కి ఇస్తున్నాను. కంపెనీలో ఈ ఫిర్యాదు చూసేవాళ్ళకూ తెలుగు వస్తుందన్న నమ్మకమేమీ లేదు. మొదటి గడి నొక్కితే, బ్రాకెట్లూ పూలతీగా చూసి వాళ్ళు ఆమె పక్షమే పలికినా పలుకుతారు, కొట్టు నిలబడుతుంది. చిక్కల్లా ఇప్పుడామెకు నిజం తెలియడమే. కొట్టు తప్ప ఆమెకు వేరే పని లేదు, ఆ షోరూముకు మళ్ళీ వెళ్ళి తలవంచుకుని కూర్చోవడం ఇష్టం లేదు. పుస్తకాల మధ్య తిరిగిన ఈ కొద్ది కాలమే తన జీవితంలో తాను ఎంచుకున్న కాలం. అది పోతుందనుకుంటే ఏడుపొచ్చింది.

ఆమెకొక నియమం కూడా ఉంది. పుస్తకం తిరిగి తన చేతికి రావాలి, పేజీ పేజీ తిప్పి చూడాలి, ఆ తరవాతే డబ్బు. ఒకసారి ఎవరో మంచి పుస్తకం ఉంచుకుని చిరుగుల పుస్తకం వెనక్కి పంపిన దగ్గరనుంచి పెట్టుకున్న నియమం అది. నూకాలమ్మ పుస్తకం తిరిగి ఇచ్చేస్తానని ఇంకా అననైనా లేదు. అయినా అనుప్రియ రెండో గడి నొక్కేసింది. తెర మీద వెంటనే ఒక పసుపు గీత వచ్చింది. మీ పేజీ పరిశీలనలో ఉంది.

ఏం నొక్కావని నూకాలమ్మ అడిగితే చెప్పింది. నొక్కితే ఏమవుతుందో కూడా, అడిగింది గనక, చెప్పింది.

"డబ్బులెవరడిగారు నిన్ను," అంది నూకాలమ్మ విస్తుపోయి. "చివరి భాగం ఎక్కడుందో ఆ అమ్మేవాళ్ళని కనుక్కోవే అన్నాను మా అమ్మాయితో. అలా అడగడానికి ఫోనులో గడి లేదంట. పేజీలు తక్కువ, డబ్బు వెనక్కి, ఇదొక్కటే ఉందంట. అదే నొక్కేసింది."

అప్పుడు చెప్పింది ఆవిడ తన సంగతి. పెళ్ళయి యానాం వచ్చిన కొత్తలో ఆవిడకు అక్షరం ముక్క రాదు. పక్కింటావిడ మధ్యాహ్నం వేళ 'రేవు లాంతరు' పైకి చదువుతుంటే గోడ పక్క నుంచి వినేది. పక్కింటావిడ పురిటికి పుట్టింటికి పోయింది. పత్రిక మాత్రం ఆ ఇంటికి వస్తూనే ఉంది, కళ్ళెదుటే ఉంది, అందులో కథానాయిక సుభద్ర ఏమైందో తెలియదు. ఆ ఉక్రోషంతో కిరాణా కొట్టాయన కూతుర్ని పట్టుకుని అక్షరాలు దిద్దుకుంది. ఆవిడకు వాచకం, పెద్దబాలశిక్ష, అన్నీ ఆ సీరియలే. తనంతట తాను మొదలునుంచి చివరిదాకా ఒక భాగం చదవగలిగిన వారానికి, సుభద్ర పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ వదులుకుని గోదావరి రేవుకొచ్చింది. ఆ పైవారం పత్రిక రాలేదు. మూసేశారట.

"ఒక కాలు ఒడ్డున, ఒక కాలు లాంచీ ఎక్కే బల్ల మీద. లాంచీ కూత వేసింది," అంది నూకాలమ్మ. "నలభై ఏళ్ళుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉందమ్మా. ఎక్కిందో, వెనక్కి తిరిగిందో. పూర్తి అని నువ్వు రాసింది చూసి, నాకు తెలియకుండా ఇంకెక్కడో అచ్చయిందేమో అనుకున్నాను. పార్సిలొచ్చిన రోజు పొయ్యి మీద కూర మాడిపోయింది."

అమ్మిన వస్తువు బాగాలేకపోతే డబ్బు వెనక్కిస్తే సరిపోతుందనే ఇన్నాళ్ళూ అనుకుంది అనుప్రియ. ఈవిడకు తాను అమ్మింది ఆశ. దాన్ని ఏ గడి నొక్కి వెనక్కివ్వాలో ఆమెకు తెలియలేదు. చాలా సిగ్గుగా అనిపించింది. క్షమించమని మనసారా అడిగింది.

ఇంతలో నూకాలమ్మ ఫోను మోగింది. కంపెనీవాళ్ళ ప్రశ్న. దేవిశ్రీ తల్లి కోసమని ఫోనంతా తెలుగులో పెట్టి ఉంచింది గనక ప్రశ్న తెలుగులోనే వచ్చింది. నూకాలమ్మ దాన్ని ఎడంగా పట్టుకుని చదివింది. డబ్బు ఇస్తామన్నారు, ఫిర్యాదు ఉంచుతారా, వెనక్కి తీసుకుంటారా, కారణం రాయండి అని ఉందట. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాయడం మొదలుపెట్టింది. ఆ వేలు కదిలినంతసేపూ అనుప్రియ పక్కనే నిలబడింది. ఆవిడ తల ఎత్తాక, ఏం రాశారమ్మా, చదివి చెప్పండి అని బతిమాలింది.

"చెప్పను," అంది నూకాలమ్మ ఫోను సంచిలో వేసుకుంటూ. "అక్షరాలు నేర్చుకుని నువ్వే చదువుకో."

కోస్తా యాస విని, పెరట్లో మునగాకు దూస్తున్న అంబుజం లోపలికి వచ్చింది. కొట్టుకు పేరిచ్చిన అవ్వ ఈమే. ఎనభై దాటినా నడక చురుకే. ఎవరొచ్చారో చూద్దామని వచ్చిన మనిషి ముందు మనిషిని చూడలేదు, పార్సిళ్ళ మీదున్న పుస్తకాన్ని చూసింది. అనుప్రియ కొన్నప్పుడు అది నేరుగా అలమరలోకి పోయింది, అక్కణ్ణించి పార్సిల్లోకి పోయింది. అవ్వ కంట పడడం ఇదే మొదలు. అట్ట మీద అతికిన ఊదారంగు గుడ్డ మీద తెల్లచుక్కలు ఇంకా కనబడుతున్నాయి. అంబుజం ఆ చుక్కల మీద వేళ్ళు ఆనించింది.

"ఇది నా చీర," అంది.

దాన్నే పాత గుడ్డ అట్ట అని రాసి అమ్మింది అనుప్రియ.

అంబుజం అక్కడే నేల మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళోకి తీసుకుని చెప్పింది. వాళ్ళప్పుడు మార్కెట్టు వెనక వీధిలో ఉండేవాళ్ళు. ఎదురింటి ముందువాటాలో యానాం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ అద్దెకుండేది. శుక్రవారం మధ్యాహ్నం బస్సులో పత్రిక వస్తుంది. వీధిలో తెలుగు మాట్లాడే ఆడవాళ్ళంతా పనులు ముగించుకుని ఆ ఇంటి అరుగు మీద చేరతారు. ఒక్కరికీ చదువు రాదు. టీచరమ్మ చదువుతుంది, వీళ్ళు వింటారు. కథ అయ్యాక అందరూ కలిసి బైండు చేయిద్దామనుకున్నారు. బైండు వేసేవాడు అట్టకు గట్టి గుడ్డ అడిగితే అంబుజం తన చుక్కల సుంగుడి నూలుచీర చింపి ఇచ్చింది. టీచరమ్మ మురుంగపాక్కంలో ఇల్లు కట్టుకుని పోతూ పుస్తకం వెంట తీసుకుపోయింది. తరవాత వీళ్ళు లాస్‌పేట వచ్చేశారు. రాకపోకలు తగ్గి, ఒకరి ఊసు ఒకరికి లేకుండా పోయింది.

"కత ముగిసేదాకా, కడైసి దాకా విన్నాము మా," అంది అంబుజం నూకాలమ్మ వైపు తిరిగి, ఆ వేళకి ఆవిడ ఎవరో ఏమిటో తెలుసుకుని. "కడైసి రోజు అందరం పాయసం కాచినాము. ఆ సుబద్ర ఉండాదే, రేవులో…"

నూకాలమ్మ కుర్చీలోంచి దిగి అంబుజం రెండు చేతులూ పట్టేసుకుంది.

"చెప్పకండి పిన్నిగారూ. మీకు దణ్ణం పెడతాను. దీనికోసమే అక్షరాలు నేర్చాను. చివరిది కూడా నా కళ్ళతో చదివే తెలుసుకోవాలి."

అంబుజానికి ఇది విడ్డూరంగా తోచింది. తెలిసింది చెబుతానంటే వద్దనేవాళ్ళను ఆమె ఎప్పుడూ చూడలేదు. అనుప్రియకు మాత్రం ఇంకొకటి తట్టింది.

"అవ్వా, పత్రిక ముందే మూసేసినారంట. కడైసి భాగం అచ్చే కాలేదంట. నువ్వు యాడ విన్నావు?"

"టీచరమ్మ సదివినాది, విన్నాము."

"దేంట్లో సదివినాది?"

అంబుజం కళ్ళు మూసుకుని ఆ అరుగు మీదికి పోయింది. మిగతా వారాలు రంగుబొమ్మ ఉన్న పత్రిక. ఆ రోజు పత్రిక కాదు, పొడుగాటి తెల్లకాగితాలు. కాగితం ఏదైతేనేం, చదువురానివాళ్ళకు అన్నీ ఒకటే అని అప్పుడు పట్టించుకోలేదు.

"సదువుతా సదువుతా మా ముకాలు చూసినాది. పెన్ను తీసి ఒక మాట కొట్టేసినాది. మళ్ళా సదివినాది. సదివేవాళ్ళు అట్ల కూడా చేస్తారేమో అనుకున్నా."

అందులోని మర్మం మొదట పట్టుకున్నది నూకాలమ్మే.

"చదివేవాళ్ళు కొట్టేయరు పిన్నిగారూ," అంది. "రాసినవాళ్ళే కొట్టేస్తారు."

అంబుజానికి ఆ మాట ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక ఆమె ముఖం వెలిగిపోయింది. ఏళ్ళ తరబడి తమతో కలిసి బియ్యం ఏరి, తమ పిల్లలకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసిన టీచరమ్మే ఆ సుభద్రను పుట్టించిందన్నమాట. తాము ఎవరి గురించి ముక్కు చీదుకుని ఏడుస్తుంటే ఆమె తలవంచుకుని నవ్వుకునేదో ఇప్పుడు తెలిసింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఒళ్ళోని పుస్తకాన్ని చూసుకుని గతుక్కుమంది.

"దీన్ని ఆమె ప్రాణం మాదిరి పెట్టుకున్నాది పాపా. ఇది పాత కాగితాల కొట్టుకు వచ్చిందంటే…"

మనిషి పోయాక ఇల్లు ఊడ్చి అమ్మేసే పుస్తకాలే పాత పేపర్ల కొట్టుకు చేరతాయని అందరికంటే బాగా తెలిసింది అనుప్రియకే. ఆమె వ్యాపారమే అలాంటి పుస్తకాల మీద. నూకాలమ్మ ముఖం చూడలేక ఫోను తీసింది. తెర మీద పసుపు గీత లేదు. ఆ చోట ఆకుపచ్చ టిక్కు ఉంది. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు, మీ పేజీ కొనసాగుతుంది. ఇంకో రోజైతే అవ్వను పట్టుకుని గిరగిరా తిప్పేది. ఇప్పుడు నూకాలమ్మ చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలి, గుణశేఖరన్ నంబరు కలిపింది.

పాత పేపర్ల కొట్టు గుణశేఖరన్ ఏది చెప్పినా ముందు తన కీళ్ళనొప్పులతో మొదలుపెడతాడు. అవి విన్నాక, ఊదారంగు గుడ్డ అట్ట పుస్తకం సంగతి అడిగింది. అటువైపు నుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. అయ్యయ్యో, నీకొక మాట చెప్పమన్నారు, చెప్పడం మరిచేపోయాను అన్నాడు తమిళంలో. ఆ పుస్తకం ఇల్లు ఊడిస్తే వచ్చింది కాదట. ఒక పెద్దావిడ స్వయంగా నడుచుకుంటూ తెచ్చి ఇచ్చిందట. వద్దన్నా వినకుండా, పైసా పుచ్చుకోకుండా ఇచ్చిందట. ఒక్కటే కోరిందట. ఎక్కడెక్కడికో అమ్ముతారటగా, అమ్మండి, కొన్నవాళ్ళెవరైనా చివరి భాగం లేదని గొడవపెట్టి వెనక్కి తెస్తే మాత్రం నాకు కబురు చేయండి అని.

"అంటే తిరిగి రావాలనే ఇచ్చినాదా?" అంది అనుప్రియ.

అది నాకేం తెలుసమ్మా అన్నాడు గుణశేఖరన్. అప్పటినుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, పుస్తకం వెనక్కి వచ్చిందా అని అడిగి పోతోందట. ఇవాళ శుక్రవారమే కదా, వచ్చింది, ఇదిగో నా ఎదురుగానే స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది, ఫోను ఇవ్వమంటావా అన్నాడు.

అనుప్రియ ఆ సంగతి ఇద్దరికీ రెండు ముక్కల్లో చెప్పి, స్పీకరు నొక్కి, ఫోను నూకాలమ్మ చేతిలో పెట్టింది. నూకాలమ్మ చెయ్యి చీరకు తుడుచుకుని మరీ పట్టుకుంది. పాత కాగితాల చప్పుడు, దూరంగా బస్సు హారను వినిపించాయి. తరవాత ఒక ముసలి గొంతు, మెల్లగా, స్పష్టంగా. ఎవరు మీరు అని అడగలేదు, పేరడగలేదు.

"ఎక్కడిదాకా చదివారు?"

"బల్ల మీద కాలు వేసిందండి," అంది నూకాలమ్మ.

ఉండబట్టలేక అంబుజం ఫోను దగ్గరికి జరిగింది. "టీచరమ్మా, నేను అంబుజం. మార్కెట్టు వెనక వీది. కత నాకు తెలుసును గదా, చెప్తానంటే ఈమె వద్దంటా ఉండాది."

అవతల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. ఆ గొంతు మళ్ళీ పలికినప్పుడు అందులో నవ్వూ ఉంది, తడీ ఉంది.

"ఆవిణ్ణి చెప్పనివ్వకండి. అంబుజానికీ తెలియదు. ఆ రోజు వాళ్ళంతా పాయసం గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు చూసి నాకు ధైర్యం చాలక ఒక మాట కొట్టేసి, ఇంకో మాట చదివాను. సుభద్ర కథ అలా అయిపోలేదు. అసలుది నా దగ్గరుంది. వస్తారా?"

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుని పుస్తకం కోసం చెయ్యి చాపింది. పుస్తకం అంబుజం ఒళ్ళో లేదు, చంకలో ఉంది. నలభై ఏళ్ళుగా ముగింపు తెలుసనుకున్న మనిషి అప్పటికే లేచి గుమ్మం దగ్గర నిలబడింది.

"నా చెప్పులు యాడ పెట్టినావు పాపా," అంది.